అడగడం అనే విద్య

 ఈ స్మారకోపన్యాసపు ఆహ్వానపత్రంలో నాకు పాఠం చెప్పిన మాస్టారి పేరు బిరుదులతో సహా పూర్తిగా ఉంది. ఆయనను ఆ పేరుతో పిలిచే అలవాటు నాకు ఏనాడూ లేదు. ఈ గంటసేపూ మాస్టారు అనే అంటాను. మన్నించగలరు.

స్మారకోపన్యాసానికి పెద్ద విషయం ఎంచుకోవడం ఆనవాయితీ. నేను ఎంచుకున్నది చిన్నదిగా కనిపించవచ్చు. మనోవిజ్ఞాన శాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థి చివరి సంవత్సరంలో రాసే పరిశోధన వ్యాసం గురించి మాట్లాడబోతున్నాను. నల్ల రెగ్జిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, మూడు ప్రతులు, ఒక వైవా, ఆ తరువాత శాఖా గ్రంథాలయంలో బీరువా అడుగు అర. అంతకు మించిన బతుకు దానికి ఉంటుందని చాలామంది నమ్మరు. మాస్టారు నమ్మారు. విద్యార్థి వ్యాసం చేతికి రాగానే ఆయన ఫలితాల అధ్యాయం తెరిచేవారు కాదు. నేరుగా చివరికి వెళ్ళి, అనుబంధంలో ఉన్న ప్రశ్నావళిని నిదానంగా చదివేవారు. అందులో ఏం వెతుకుతున్నారో అప్పట్లో మాకు అంతుపట్టలేదు. ఈ ఉపన్యాసం ఆ అలవాటుకు నేను ఆలస్యంగా రాసుకున్న వ్యాఖ్యానం.

మన ఆధునిక విశ్వవిద్యాలయాలు ఎలా పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడినప్పుడు వాటికి నమూనా లండన్ విశ్వవిద్యాలయం. పుట్టుకతో అవి పాఠం చెప్పే చోట్లు కావు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే సంస్థలు. పాఠం చెప్పే పని కాలేజీలది. ప్రశ్న ఎక్కడో తయారై సీలు వేసిన కవరులో వచ్చేది. నూట అరవై ఏళ్ళు దాటినా ఆ కవరు వస్తూనే ఉంది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా మన పిల్లలు వేల ప్రశ్నలకు జవాబులు రాస్తారు. ఒక్క ప్రశ్న తయారుచేసి తెమ్మని వారిని ఎవరూ అడగరు.

అంతకు పూర్వం ఇలా ఉండేది కాదని చెప్పడానికి ప్రశ్నోపనిషత్తు ఒక్కటి చాలు. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు పట్టుకొని పిప్పలాదుడి దగ్గరకు వెళతారు. ఆయన వెంటనే బోధ మొదలుపెట్టడు. ఒక సంవత్సరం నియమంతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి, ఆ తరువాత ఇష్టమైనవి అడగండి, తెలిస్తే చెబుతాను అంటాడు. జవాబుకు కాదు, ప్రశ్నకు ఒక ఏడాది సాధన! ఆ తెలిస్తే అన్న మాటలోని వినయాన్ని అలా ఉంచి, నేను ఆ ఏడాదిని పట్టుకుంటాను. 2020 నాటి జాతీయ విద్యావిధానం డిగ్రీకి నాలుగో సంవత్సరం చేర్చింది. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్న విద్యార్థి నాలుగో ఏట 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం రాసి ఆనర్స్ విత్ రీసెర్చ్ పట్టా పొందవచ్చు. అంటే, జవాబులు బాగా రాసినవారికి బహుమతిగా ప్రశ్న అడిగే అవకాశం ఇస్తున్నాం. ఈ రెండు విద్యలూ ఒకటేనన్న ఊహ ఆ నియమం వెనక ఉంది. ఆ ఊహ సరైనదని నేను అనుకోను.

నా ప్రతిపాదన ఇది. ఏ శాస్త్రంలోనైనా తొలి పరిశోధన వ్యాసం జవాబు నుంచి ప్రశ్నకు మళ్ళే మలుపు. రాయిని అడిగినా, ఆమ్లాన్ని అడిగినా వాటికి నొప్పి లేదు. మనోవిజ్ఞానంలో మాత్రం ప్రశ్న ఎదుట ఉన్న మనిషిని తాకుతుంది, అడిగినందువల్లే అతడిని కొంత మార్చుతుంది కూడా. అందుచేత ఇక్కడ విద్యార్థి మొదట సంపాదించుకోవలసింది అడిగే అర్హత. ఆ అర్హతను ఈ శాస్త్రం తన చరిత్రలో ఎప్పుడెప్పుడు నిలబెట్టుకుంది, ఎప్పుడు పోగొట్టుకుంది అన్నదే నా కథ.

1879లో లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల మొదలైందని ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. ఆ ప్రయోగశాలను నడిపింది విద్యార్థుల పరిశోధన వ్యాసాలేనన్న సంగతి అంతగా చెప్పరు. వుంట్ పర్యవేక్షణలో వెలువడిన డాక్టరేట్ వ్యాసాలు 180కి పైమాటే. వాటిలో తొలి ప్రయోగ వ్యాసం మాక్స్ ఫ్రీడ్రిష్ అనే విద్యార్థిది. కంటికి కనబడ్డదాన్ని మనసు గుర్తించడానికి పట్టే సమయాన్ని అతడు కొలిచాడు. కర్ట్ డాంజిగర్ అనే చరిత్రకారుడు ఆ రోజుల గురించి ఒక విలువైన గమనిక చేశారు. అక్కడ ప్రయోగం చేసేవాడూ, ప్రయోగానికి కూర్చునేవాడూ వంతులు మార్చుకునేవారు. నేడు గడియారం పట్టుకున్న విద్యార్థి రేపు మీట నొక్కే కుర్చీలో ఉండేవాడు. కుర్చీలో కూర్చున్నవారిది తక్కువ స్థాయి కాదు, తరచు ఆచార్యుడే అక్కడ కూర్చునేవారు. స్పందించిన వారి పేర్లు వ్యాసంలో అచ్చయ్యేవి. అడిగేవారికీ జవాబు చెప్పేవారికీ మధ్య గోడ ఇంకా లేవలేదు.

గోడ అమెరికాలో లేచింది. బడిపిల్లలను, సైనికులను, కాలేజీ విద్యార్థులను వందల లెక్కన కొలవవలసి వచ్చినప్పుడు పేర్లు పోయి సగటులు వచ్చాయి. ఆ మార్పు వల్ల శాస్త్రానికి లాభం లేదనను. ఒక మనిషి మాటకంటే వందమంది సగటు నిలకడైనది. కానీ జవాబు చెప్పేవారు అప్పటినుంచి పట్టికలో ఒక గడిగా మిగిలిపోయారు. 2008లో జెఫ్రీ ఆర్నెట్ అమెరికా మనోవిజ్ఞాన పత్రికలలోని వ్యాసాలు తిరగేసి లెక్క కడితే, పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారని తేలింది. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. మానవుడి మనసు అని మనం బట్టీపట్టిన దానిలో చాలా భాగం క్రెడిట్ల కోసం కూర్చున్న కాలేజీ కుర్రవాడి మనసు.

ఈ లోపల మన దేశంలో ఏం జరిగింది? 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన శాఖ మొదలైంది. దానికి నాయకత్వం వహించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ శిష్యులు. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి శాఖను నిలబెట్టారు. ఆయన లండన్‌లో స్పియర్మన్ దగ్గర చదివి వచ్చారు. మైసూరులో తన ఇంటినుంచే రేడియో ప్రసారాలు మొదలుపెట్టి వాటికి ఆకాశవాణి అని పేరు పెట్టిన ఆచార్యులు ఆయనే. పరికరాలు విదేశాలనుంచి వచ్చాయి, పద్ధతులూ అక్కడినుంచే వచ్చాయి. తొలి తరం చేయగలిగింది అదే. తప్పుపట్టను. అయితే పరికరాల పెట్టెతోపాటు ప్రశ్నలు కూడా దిగుమతి కావడం మొదలైంది. ఆ సంగతి అప్పుడు ఎవరూ అంతగా గమనించలేదు.

దిగుమతి కాని ప్రశ్న ఒకటి చెబుతాను. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను. ఈ కథను విద్యార్థులకు చెప్పకుండా మాస్టారు ఏ సంవత్సరమూ వదలలేదు.

1934 జనవరి 15న బిహార్‌ను పెద్ద భూకంపం కుదిపింది. నష్టం కొన్ని ప్రాంతాలకే పరిమితమైనా ప్రకంపనలు చాలా దూరం తెలిశాయి. ఆ రోజుల్లో జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు ఒక పని చేశారు. జనం నోట తిరుగుతున్న పుకార్లను పోగుచేసి రాసిపెట్టారు. పాట్నా మీద తుపాను విరుచుకుపడబోతోందని, ఫలానా తేదీ గండమని, గ్రహణం నాడు మరో కంపం వస్తుందని పుకార్లు. 1935లో ఆ వ్యాసం బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో అచ్చయింది. పదిహేనేళ్ళ తరువాత, 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు. అప్పుడు యువకులైన దుర్గానంద్ సిన్హా అక్కడి మాటలను అదే తీరులో నమోదు చేశారు. ఇళ్ళు కూలడం కళ్ళారా చూసిన ఆ ఊళ్ళో ఇంకా ఘోరం రాబోతోందన్న పుకార్లు అలా పుట్టలేదు.

ఈ రెండు వ్యాసాలనూ అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ పక్కపక్కన పెట్టి చూశారు. భయపడ్డవాడు మరింత భయపెట్టే మాట ఎందుకు నమ్ముతాడు? నష్టం కళ్ళబడని చోట గుండెలో భయం ఉంది, చూపించుకోవడానికి కారణం లేదు. పుకారు ఆ కారణాన్ని సమకూరుస్తుంది. ఎదుటే శిథిలాలు ఉన్నవాడికి పుకారుతో పని లేదు. 1957లో వెలువడిన ఆయన సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతానికి ఆలోచన ఈ పుకార్ల దగ్గరే మొదలైంది. ఇరవయ్యో శతాబ్దపు మనోవిజ్ఞానంలో అతి ప్రసిద్ధమైన సిద్ధాంతాలలో ఒకదానికి విత్తనం బిహార్ మట్టిలోది. ప్రసాద్ దగ్గర కొలమానం లేదు, ప్రయోగశాల లేదు. తన చుట్టూ మనుషులు ఏమంటున్నారో విన్నారు, వింతగా ఉందనుకున్నారు, రాసిపెట్టారు.

విద్యార్థుల వ్యాసాలలోనూ చిరకాలం నిలిచినవి ఉన్నాయి, అవన్నీ ఇంత నాటకీయమైనవి కావు. నాష్‌విల్‌లోని జార్జి పీబడీ కాలేజీలో జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో అచ్చువేసిన డాక్టరేట్ వ్యాసాన్ని చూడండి. ఒక రంగు పేరును మరో రంగు సిరాతో అచ్చువేసి, మాటను వదిలి సిరా రంగు చెప్పమన్నారు. ఉత్త రంగు చదరాలు నూరు చెప్పడానికి సగటున 63.3 సెకండ్లు పడితే, ఈ మాటలకు 110.3 సెకండ్లు పట్టాయి. అంతే. స్ట్రూప్ ఆ తరువాత పరిశోధన వదిలి జీవితమంతా బైబిలు పాఠాలు చెప్పుకున్నారు. ఆయన ప్రయోగం మాత్రం నేటికీ ప్రతి కాలేజీ ప్రాక్టికల్ రికార్డులో ఉంది. దానిని తెలుగు లిపిలో చేసి, తెలుగు మీడియం పిల్లవాడికీ ఇంగ్లీషు మీడియం పిల్లవాడికీ ఎరుపు అనే మాట ఎంతెంత అడ్డుపడుతుందో చూడాలన్న ఆలోచన మాత్రం ఏ రికార్డులోనూ నా కంటపడలేదు.

మేమీ ఫిప్స్ క్లార్క్ 1939లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. వ్యాసం రాశారు. బడికి ఇంకా వెళ్ళని నల్లజాతి పిల్లలకు తమ జాతి సంగతి ఎప్పుడు, ఎలా తెలుస్తుంది అన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న ఆమె పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు. వేరుచేసిన బడుల్లో చదువుకుంటూ పెరిగిన పిల్ల అది. ఆ వ్యాసం నుంచే భర్త కెన్నెత్‌తో కలిసి చేసిన బొమ్మల పరీక్షలు వచ్చాయి. 1954లో బడులలో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చినప్పుడు కెన్నెత్ క్లార్క్ రచన ఆ తీర్పు అధోజ్ఞాపికకు ఎక్కింది. స్ట్రూప్‌ది, మేమీ క్లార్క్‌ది రెండూ డిగ్రీ స్థాయి వ్యాసాలు కావని ఎవరైనా గుర్తు చేయవచ్చు. నిజమే. పట్టా స్థాయి వేరైనా ప్రశ్న పుట్టే తీరు ఒకటే.

ఇప్పుడు మన గ్రంథాలయంలోని ఆ అడుగు అర దగ్గరకు వద్దాం. నలభై ఏళ్ళుగా వ్యాసాలు దిద్దినవాడిగా చెబుతున్నాను, వాటి శీర్షికలకు ఒక అచ్చు ఉంది. ఫలానా వారిలో ఆత్మగౌరవానికీ ఆందోళనకూ గల సంబంధం. ఫలానా వారిలో ఒత్తిడికీ సర్దుబాటుకూ గల సంబంధం. రెండు కొలమానాలు తెచ్చుకుంటారు, ఒక గూగుల్ ఫారం తయారుచేస్తారు, హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, సాయంత్రానికి అరవై జవాబులు. అంకెలు సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. ఎవరు ఏ మూడ్‌లో, ఎవరి తరఫున నొక్కారో ఎవరికీ తెలియదు.

పిల్లలను నిందించడానికి ఇది చెప్పడం లేదు. కొలమానం దగ్గరే చిక్కు మొదలైంది. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ మాపని 1965 నాటిది, పది వాక్యాలు. అమెరికా హైస్కూలు పిల్లల కోసం తయారైంది. తనలో మంచి గుణాలు ఉన్నాయని ఒప్పుకోమని, తన మీద తనకు సంతృప్తి ఉందని చెప్పమని అది అడుగుతుంది. మన ఇళ్ళలో ఆత్మస్తుతి అపచారమని పెంచిన ఆడపిల్ల ఆ వాక్యం ముందు తటపటాయించి, మధ్య గడిలో గుర్తు పెడుతుంది. ఆమెకు ఆత్మగౌరవం తక్కువ అని పట్టిక చెబుతుంది. ఆమెకు ఉన్నది మర్యాద. ఆ తేడాను పట్టుకునే గడి ఆ కాగితంలో లేదు.

అనువాదం ఇంకో చిక్కు. ఒకరు తెలుగులోకి మార్చడం, మరొకరు మూలం చూడకుండా తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం, రెండింటినీ సరిపోల్చడం అన్న పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించారు. మంచి పద్ధతే. కానీ మాటకు మాట సరిపోయినంత మాత్రాన అనుభవానికి అనుభవం సరిపోదు. డిప్రెషన్‌కు మనం కుంగుబాటు అని రాస్తాం. మా ఊళ్ళో ఎవరూ నాకు కుంగుబాటుగా ఉంది అనరు. మనసు బాగోలేదంటారు. గుండె బరువుగా ఉందంటారు. దిగులుగా ఉందంటారు. హాస్టల్లో చేర్చిన పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడంటారు. బెంగకు జ్వరం కూడా వస్తుందని ప్రతి తల్లికీ తెలుసు. దిగులుకు కారణం తెలియకపోవచ్చు, బెంగకు మాత్రం ఎప్పుడూ ఒక మనిషి కారణం. అటువంటి తేడాలు మన భాషలో పుట్టిన కొలమానాల కోసం ఎదురుచూస్తున్నాయి. అడగడానికి ముందు పదిమంది తల్లులతో కూర్చుని బెంగ అంటే ఏమిటమ్మా అని రాసుకున్న డిగ్రీ విద్యార్థి, అరవై ఫారాలు పోగుచేసిన వాడికంటే శాస్త్రానికి ఎక్కువ మేలు చేసినట్టే.

సంఖ్యల మాట వచ్చింది గనుక రెండు ముక్కలు. గుంపుకు ముప్ఫైమంది చాలునన్నది మన శాఖలలో శ్రుతివాక్యంలా పాతుకుపోయింది. జేకబ్ కోహెన్ లెక్క ప్రకారం రెండు గుంపుల మధ్య ఒక మోస్తరు తేడా నిజంగా ఉంటే, దానిని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే గుంపుకు 64 మంది కావాలి. ముప్ఫైమందితో ఆ అవకాశం సగానికి కూడా రాదు. అంటే ఉన్న తేడా కూడా కనబడకపోవచ్చు. అప్పుడు విద్యార్థి, పరికల్పన వీగిపోయింది, మార్కులు పోతాయని వణికిపోతాడు. తేడా వచ్చేదాకా అంకెలను అటూ ఇటూ తిప్పమని పెద్దలే చెప్పిన సందర్భాలు నాకు తెలుసు. పేర్లు అనవసరం.

ఆ అలవాటు ప్రపంచమంతటా ఉందని 2011 తరువాత బయటపడింది. ఆ ఏడాది డారిల్ బెమ్ భవిష్యత్తును ముందే పసిగట్టవచ్చని చూపే తొమ్మిది ప్రయోగాలను పేరున్న పత్రికలో ప్రచురించారు. పద్ధతులన్నీ అందరూ వాడేవే. ఫలితాన్ని నమ్మలేనివారు పద్ధతులను శంకించవలసి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960 దశకం చివర మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు జీవితమంతా తిరిగిన దారి ఇటువంటి అతీంద్రియ ప్రశ్నలదే. ఆయన నిర్ధారణలను అంగీకరించనివారు చాలామంది, నేనూ వారిలో ఒకణ్ణే. అయినా శాస్త్రం తన తూకపురాళ్ళను తాను పరీక్షించుకోవలసి వచ్చింది అటువంటి వివాదాస్పదమైన ప్రశ్నల వల్లే. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌లో డీడెరిక్ స్టాపెల్ అనే ఆచార్యుడు దత్తాంశాలను కల్పించినట్టు తేలింది. విద్యార్థులకు ఆయన ఇచ్చిన అంకెలు కూడా కల్పితాలే. ఆ మోసాన్ని బయటపెట్టింది ఆ శాఖలోని యువ పరిశోధకులు. 2015లో వెలువడిన లెక్క ప్రకారం, పేరున్న పత్రికలలో వచ్చిన వంద అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, మొదట 97 శాతంలో కనబడ్డ ఫలితం రెండోసారి 36 శాతంలోనే నిలిచింది.

ఈ కుదుపు తరువాత డిగ్రీ వ్యాసానికి కొత్త గౌరవం వచ్చిందంటే ఆశ్చర్యం కలగవచ్చు. బ్రిటన్‌లో బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉన్న డిగ్రీలో సొంతంగా చేసిన పరిశోధన ప్రాజెక్టు తప్పనిసరి. ఏటా వేలమంది విద్యార్థులు వేల బలహీనమైన వ్యాసాలు రాసేకంటే, కొన్ని విశ్వవిద్యాలయాల విద్యార్థులు కలిసి ఒకే ప్రశ్నను, ఒకే పద్ధతిలో, కావలసినంతమందిని అడిగితే మేలు కదా అని కేథరిన్ బటన్, క్రిస్ చేంబర్స్ తదితరులు ప్రతిపాదించి ఆచరించారు. పరికల్పననూ విశ్లేషణ తీరునూ దత్తాంశాలు రాకముందే రాసి భద్రపరుస్తారు. ఫలితం ఏది వచ్చినా వ్యాసం వ్యాసమే. తిరుపతి, విశాఖ, హైదరాబాదు కాలేజీల పిల్లలు ఇలా చేతులు కలపడానికి కావలసింది డబ్బు కాదు.

ఒక్క విషయం దగ్గర నా స్వరం కొంచెం గట్టిపడవచ్చు. బెక్ కుంగుబాటు ప్రశ్నావళిలో 21 అంశాలు ఉంటాయి, తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. దానిని పేరు అడగని ఫారంలో పెట్టి ఇరవై ఏళ్ళ విద్యార్థి తోటివారికి పంపుతాడు. ఎవరో ఒకరు అక్కడ ఉన్నాయని గుర్తు పెడతారు. పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఆ జవాబు సగటులో ఒక అంకె అవుతుంది. ఇది తెలివితక్కువతనం కాదు, అంతకంటే పెద్ద తప్పు, అందులో మార్గదర్శకుడి వంతే ఎక్కువ. ఐ.సి.ఎం.ఆర్. నైతిక మార్గదర్శకాలు 2017 నుంచి మన చేతిలో ఉన్నాయి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు 2022 నుంచి పనిచేస్తోంది. ఫారం అడుగున ఆ అంకెలు రాయడానికి ఒక పంక్తి చాలు. సహాయం చేసే దారి చూపలేనివారికి ఆ ప్రశ్న అడిగే హక్కు లేదని మాస్టారు అనేవారు. ఇంత కఠినంగా ఆయన మాట్లాడిన సందర్భాలు తక్కువ.

ఇక మాస్టారి ఆ అలవాటు దగ్గరకు వస్తాను. నా వ్యాసం పదో తరగతి పిల్లల పరీక్షాందోళన మీద. మండల కేంద్రంలోని రెండు బడులు తిరిగి, ఎనభైమంది చేత ప్రశ్నావళి నింపించాను. ఒక అమ్మాయి కాగితం ఇస్తూ, తప్పు జవాబు రాసి ఉంటే ఏం చేస్తారండీ అని అడిగింది. ఇందులో తప్పొప్పులు లేవమ్మా అని చెప్పి ముందుకు కదిలాను. ఆ మాట వ్యాసంలో రాయలేదు. రాయదగ్గది అదొక్కటేనని ఇప్పుడు అనిపిస్తుంది.

వైవా రోజున బయటి పరీక్షకులు ఇంకా రాలేదు. మాస్టారు నా వ్యాసం తీసుకొని అనుబంధం తెరిచారు. కళ్ళజోడు సరిచేసుకొని, కూర్చోవయ్యా, ఇవి నీకు నేను చదువుతాను, నీ జవాబులు నువ్వు చెప్పు అన్నారు. ఒకటో ప్రశ్న, రెండో ప్రశ్న. ఆయన గొంతు మామూలుగానే ఉంది. నేను రాసిన ప్రశ్నలే. పరీక్ష ముందు రాత్రి నిద్ర పడుతుందా, అన్నం సయిస్తుందా, అమ్మానాన్నల ముఖం చూడగలవా. పద్నాలుగో ప్రశ్న దగ్గర నాకు మాట రాలేదు. ఆయన తొందరపెట్టలేదు. కలం మూసి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.